పాత కంప్యూటరు, పొడంపేట వీధులు

ఆ కంప్యూటర్‌ని పాత ఇనుము కింద అమ్మెయ్యమని ముందు చెప్పింది రిపేరు కొట్టతను. తరవాత చెప్పింది మా ఆయన. ఇద్దరి మాటా నేను వినలేదు. పెళ్ళికార్డులు కొట్టి బతికిన మనిషిని. ఎవరో ఏదో చెప్పగానే వినేస్తే అక్షరానికో తప్పు పడుతుందని నాకు అనుభవం మీద తెలుసు. కాబట్టి ముందు నా కళ్ళతో చూసుకోవాలి. అదీ నా పద్ధతి.

మా ఇల్లు ఒడిశాలో, బరంపురం శివార్లలో, అంకులిలో. ముందుగదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని పదిహేడేళ్ళు తెలుగు, ఒడియా పెళ్ళికార్డులు కొట్టాను. అచ్చు వేయడం ఊళ్ళో ప్రెస్సువాళ్ళ పని. అక్షరాలు కూర్చడం, తప్పులు దిద్దడం నా పని. తరవాత కార్డులు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. పువ్వులు రాలుతూ, సన్నాయి మోగుతూ పెళ్ళికూతురి పేరు తెర మీద మెరుస్తుంటే, నా పసుపు అంచు కాగితం ఎవరికి కావాలి? పెద్దగా ఏడవలేదు. కంప్యూటర్ మీద పాత దుప్పటి కప్పి, ఆ గదిలో అప్పడాలు ఆరబెట్టుకున్నాను.

కార్డుల వల్ల నాకు మిగిలిన మనుషుల్లో ముఖ్యమైనది పొడంపేట అప్ప. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట వాళ్ళ ఊరు. ఎండుచేపలు బుట్టలో పెట్టుకుని బరంపురం వచ్చి అమ్మేది. కొడుకు పెళ్ళికి తెలుగులో కార్డు కావాలని ఎవరినో అడిగితే నా ఇల్లు చూపించారట. మాది వ్యాపారస్తుల ఇల్లు, మా వంటింట్లోకి చేప రాదు. అది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అయినా గేటు దగ్గరే బుట్ట దించి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చింది. "నా బుట్ట మీ గుమ్మం తొక్కదులే సెల్లీ, నాను మాత్రం తొక్కుతాను" అంది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అప్ప, నేను ఆవిడకి చెల్లి. పట్నం వచ్చినప్పుడల్లా ముందుగదిలో కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళేది.

ఒక కార్తీకమాసంలో, మధ్యాహ్నం పూట, బుట్ట లేకుండా వచ్చింది. మజ్జిగ ఇస్తే తాగకుండా పక్కన పెట్టింది.

"ఏటయింది అప్పా?" అన్నాను.

"కాలనీలో ముసిలాయన పోయాడు. పదో రోజు అందరూ కూడితే, ఇద్దరు అన్నదమ్ములు దెబ్బలాడుకున్నారు. పాతూర్లో ఆల తాత ఇల్లు రెండో ఈదిలోనా మూడో ఈదిలోనా అని. తెలిసినోడే ఎల్లిపోనాడు. మరింకెవల్ని అడుగుతారు?"

వాళ్ళ పాత ఊరు ఇప్పుడు లేదు. సముద్రం ఏటేటా కొంచెం కొంచెం లోపలికొచ్చి, ముందు పడవలు నిలిపే ఇసుకని, తరవాత ఒక్కో వరస ఇళ్ళనీ తీసుకుపోయింది. జనం అందరూ లోపలికి జరిగి కట్టిన కాలనీలో ఉంటున్నారు. అక్కడ ఇళ్ళన్నీ ఒకేలా, వరుస నంబర్లతో ఉంటాయి. ఎవరి పక్కన ఎవరు పడితే వాళ్ళు వచ్చారు.

"నువ్వు కార్డులు కొట్టీదానివి గదా," అంది అప్ప. "మా ఊరు కొట్టగలవేటి?"

"ఊరు కొట్టడమేటి?"

"ఈది ఈదీ, ఇల్లు ఇల్లూ. ఎవలింటి పక్కన ఎవలిల్లు ఉండీదో. సంద్రం తినీసింది. కాయితం మీదైనా ఉండాల. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి."

"రెండెందుకు?"

"ముసిలోలలో సదివినోలకి తెలుగే ఒచ్చు. పిల్లలు ఒడియా బడికెల్తారు. ఇంట్లో మన మాటే ఆడతారు గాని, మన అచ్చరం ఆలకి కొక్కిరిగీతే."

"రాసి పెడతాను," అన్నాను. అలా అనేశాక లేచి దుప్పటి తీశాను.

బటన్ నొక్కి వంటింట్లోకి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చాను. పప్పు ఉడికింది, తాలింపు అయింది, తెర మీద సున్నా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. చివరికి తెరుచుకున్నాక చూస్తే తేదీ ఎప్పటిదో పాతది. లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి, అంటే కంప్యూటర్‌ని నడిపించే ఆ ప్రాణానికి, చేసినవాళ్ళే ఎప్పుడో స్వస్తి చెప్పారు. ఇక దానికి కొత్త మందూ రాదు, మాకూ రాదు. ఒక ఫైలు తెరిస్తే బాణంగుర్తు అక్కడే గడ్డకట్టుకుపోయింది.

రిక్షాలో పెట్టించుకుని పాత బజారులో రిపేరు కొట్టుకి తీసుకెళ్ళాను. అతను మూత విప్పి, గుప్పెడు దుమ్ము ఊది, గుండీలాంటి చిన్న బ్యాటరీ మార్చాడు. తేదీ సరయింది. కాని మిగతాదానికి తల అడ్డంగా ఊపాడు.

"మౌసీ, ఇది బుఢీ, ముసల్ది అయిపోయింది. కొత్త సిస్టం ఏస్తే మొయ్యలేదు. స్క్రాప్‌కి ఇచ్చీండి."

"ఇంకే దారీ లేదా?"

"లినక్స్‌లో తేలికవి ఉన్నాయి, ఏసుకోవచ్చు. గాని అది మీ వల్ల కాదు మౌసీ."

మంచి మనసుతోనే అన్నాడు. కాని ఆ మాట వినగానే నా పని ఖాయమైపోయింది. కంప్యూటర్ మళ్ళీ రిక్షా ఎక్కించాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన భోజనానికి వచ్చి ఉన్నారు. ఆయనది మసాలా దినుసుల హోల్‌సేల్ కొట్టు. ఏ వస్తువుకైనా రెండు నిమిషాల్లో వెల కట్టి పక్కన పెడతారు.

"దీన్ని ఇనుముకిచ్చీసి కొత్తది తీసుకో. లేకపోతే ఫోన్లో కొట్టీ. దీంతో ఏటి తగువు?"

"ఫోను పది మంది కలిసి సూడగలరేటి? ఊరంతా కూడి, ఇది కాదు అది అని దిద్దుకోవాల. అదీ కాక, ఇది ఆల కాలనీలోనే ఉండిపోవాల. సముద్రపు గాలికి ఏడాదిలో తుప్పు పడుతుంది. కొత్తదైతే మనకే గుండెల్లో రాయి. ఇదైతే ఎన్నాళ్ళు పని చేస్తే అన్నాళ్ళు లాభమే."

ఆయన చారు పోసుకుంటూ, "లాభం మాట నువ్వంటే నానింకేటంటాను," అన్నారు. కొట్లో ఉన్న లాప్‌టాప్ సాయంత్రాలు వాడుకోమన్నారు. అది ఆయన ఒప్పుకున్నారని అర్థం.

నాలుగు రోజులు చదివాను. లినక్స్ కూడా అలాంటి ఆపరేటింగ్ సిస్టమేననీ, అది ఒక్క కంపెనీ సొత్తు కాదనీ, ప్రపంచంలో ఎందరో కలిసి రాసి, రాసింది దాచకుండా అందరి ముందూ పెట్టారనీ, ఎవరైనా తీసుకుని తమ అవసరానికి మార్చుకుని మళ్ళీ పదిమందికీ పంచొచ్చనీ తెలిసింది. అలా పంచుకుంటూ పోగా ఇప్పుడు వందల రకాలున్నాయి. పాత యంత్రాల కోసమే సన్నగా చేసినవీ బోలెడున్నాయి. ఏది మంచిదని ఇంటర్నెట్‌లో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పి, పక్కవాడిది పనికిరాదన్నారు. పెళ్ళికొడుకు పేరు ముందుండాలా పెళ్ళికూతురి పేరు ముందుండాలా అని రెండు వైపులవాళ్ళూ నా బల్ల ముందు దెబ్బలాడుకున్నప్పుడు నేనేం చేసేదాన్నో అదే చేశాను. అందరూ చెప్పింది విని, నాకేం కావాలో నేను రాసుకున్నాను.

క్యాలెండర్ కాగితం వెనక రాసిన మాటలు ఇవి: నా కంప్యూటర్లో ఉన్నది రెండు జీబీ మెమొరీ, అందులోనే ఇమడాలి. తెలుగు వత్తులూ, ఒడియా వత్తులూ పొల్లుపోకుండా రావాలి. ఇంటర్నెట్ లేకపోయినా నడవాలి. కరెంటు పోతే కొట్టింది పోకూడదు. నేను పక్కన లేకపోయినా వాళ్ళు వాడుకోగలగాలి. చివరిదాని కింద రెండు గీతలు గీశాను.

లినక్స్‌లో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, కంప్యూటర్లో ఉన్నదాన్ని చెరపకుండానే, పెన్‌డ్రైవ్ లోంచి నడిపించి చూసుకోవచ్చు. చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నట్టు. నచ్చకపోతే మడతపెట్టి ఇచ్చేయడమే. ఆన్ చేసిన వెంటనే, సరైన క్షణంలో ఒక మీట నొక్కాలి. మూడుసార్లు ఆలస్యంగా నొక్కి, నాలుగోసారి పట్టేశాను.

మొదట చూసింది అందరూ పొగిడినది. అందంగా ఉంది, నిజమే. కొండల బొమ్మ, గుండ్రటి అంచులు, నీడలు. రాసుకునే ప్రోగ్రామ్ తెరవగానే నా కంప్యూటర్ ఆయాసపడింది. అక్షరం కొడితే కాసేపాగి తెర మీదకొస్తోంది. అది దాని తప్పు కాదు. పదిమంది కూర్చునే బండికి ఒక ముసలి ఎద్దుని కడితే ఎలా? తీసేశాను.

రెండోది కుక్కపిల్ల పేరు పెట్టుకున్నది. అబ్బ, దాని పరుగు చూడాలి! మొత్తం మెమొరీలోకి ఎక్కి కూర్చుంటుంది. నొక్కితే తెరుచుకుంటుంది. కంప్యూటర్ పాతదన్న సంగతే మరిచిపోయాను. తెలుగు మాత్రం డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. తెలుగు ఫాంటు తెచ్చి పెట్టాను. అక్షరాలొచ్చాయి. "ఊరు" వచ్చింది, "వీధి" వచ్చింది. "సముద్రం" అని కొడితే మాత్రం ద కింద ఉండాల్సిన ర విడిపోయి పక్కన నిలబడింది. ఎక్కడెక్కడో వెతికి, ఇంకొక రాసుకునే ప్రోగ్రామ్ వేస్తే అదీ సర్దుకుంది. సరే, ఇదే ఖాయమనుకున్నాను.

మర్నాడు అప్పని పిలిచి, పరీక్షగా మొదటి వీధి చెప్పించుకుని కొట్టాను. మధ్యాహ్నమంతా ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్కో ఇల్లూ చెబుతూ వచ్చింది. ఇంటి గుమ్మం, గుమ్మం ముందు రాయి, రాయి మీద కూర్చునే ముసలాయన, అన్నీ చెప్పింది. నాలుగింటికి కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే ఫైలు లేదు. మెమొరీలో నడిచేది కాబట్టి, దాచుకునే చోటు ముందే ఏర్పాటు చేసి ఉంచాలి. చదివాను కూడా. తరవాత చేద్దాంలే అనుకున్నాను.

"పోనాదా?" అంది అప్ప.

"నా తప్పే అప్పా."

"పోతే పోనాది. మల్లీ సెప్తాను. ఒకపాలి పోయిన ఊరే గదా, రెండోపాలి పోతే ఏటవుతాది?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పదిహేడేళ్ళలో ఒక్క కార్డు కాగితం కూడా పోగొట్టిన మనిషిని కాదు నేను. ఆ కుక్కపిల్ల మీద కోపం లేదు. జాగ్రత్త తెలిసినవాళ్ళ చేతిలో అది బంగారమే. కాని కాలనీలో కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోతుందో నాకు తెలుసు, కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతులెలా ఉంటాయో కూడా తెలుసు. దాన్నీ పక్కన పెట్టాను.

మూడోది ఎలుక బొమ్మ ఉన్నది. అందం అంతంతమాత్రం. బూడిదరంగు పట్టీ, నాలుగు బొమ్మలు, అంతే. చాలా ఏళ్ళుగా నిదానంగా, గట్టిగా పెరిగిన ఒక పాత లినక్స్ మీద దాన్ని కూర్చోబెట్టారు. కుక్కపిల్లంత పరుగు లేదు, మొదటిదంత బరువూ లేదు. ఆన్ చేసి టీ గ్లాసు పట్టుకొచ్చి కూర్చునేసరికి తయారుగా ఉంటుంది. తెలుగు, ఒడియా ఫాంట్ల కోసం నల్ల తెర తెరిచి ఒకే ఒక్క వరస ఇంగ్లీషులో కొట్టాలి. కొట్టాను. గబగబా అక్షరాలు కిందకి పారి ఆగిపోయాయి. రాసుకునే ప్రోగ్రామ్ తెరిచి, సముద్రం, రుషికుల్య, చంద్రుడు, స్త్రీ అని వరసగా కొట్టాను. ప్రతి వత్తూ తన చోటులో కూర్చుంది. ఈసారి ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకునే చోటు ఏర్పాటు చేసి, ఐదైదు నిమిషాలకి తనంతట తానే దాచుకునేలా పెట్టాను. ఐదు నిమిషాలాగి, కావాలనే ప్లగ్గు పీకాను. మళ్ళీ పెట్టి తెరిస్తే స్త్రీతో సహా అన్నీ ఉన్నాయి. తరవాత ఇంకో నాలుగుసార్లు పీకాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "నీకేటైనా అయిందేటి?" అని అడిగారు.

దాన్నే కంప్యూటర్లో శాశ్వతంగా ఎక్కిద్దామని కూర్చున్నాను. డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది. ఉన్నదంతా అంటే నా పదిహేడేళ్ళ పెళ్ళికార్డులు. అవన్నీ పాత రకం అక్షరాల్లో ఉన్నవి. ఆ ప్రోగ్రామ్ లేకపోతే ఎక్కడ తెరిచినా పిచ్చిగీతలే. అయినా చెయ్యి ఆగింది. ఎన్ని ముహూర్తాలు, ఎన్ని ఊళ్ళు, ఎందరు తాతల పేర్లు సరిచూశానో. ఆ పెళ్ళిళ్ళన్నీ అయిపోయాయి, పిల్లలూ పుట్టారు అనుకుని నొక్కేశాను. ఇంకో ఆశ్చర్యం: కొత్త సిస్టమ్‌లతో పనిచెయ్యదని చెప్పి మూలపడేసిన నా ప్రింటర్‌ని ఇది అడక్కుండానే గుర్తుపట్టింది.

ఇక మిగిలింది నా రెండు గీతల షరతు, నేను లేకుండా వాళ్ళు వాడుకోవడం. అప్ప తన కోడలిని తీసుకొచ్చింది. నేను కార్డు కొట్టిన పెళ్ళిలో పెళ్ళికూతురు. పుట్టిల్లు చమఖండి, ఛత్రపురం దగ్గర. ఇంటరు దాకా ఒడియాలోనే చదివింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. నన్ను చిన్నత్త అంటుంది.

కీబోర్డు దగ్గర నాకే చిక్కుంది. నా వేళ్ళకి అలవాటైంది పాత టైపు పద్ధతి. ఇందులో మన దేశపు భాషలన్నిటికీ కలిపి చేసిన పద్ధతి ఉంది. దీర్ఘాలూ గుడులూ ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. పదిహేడేళ్ళ అలవాటు మానుకోవడం కష్టంగా ఉండి, నేనే తడుముకుంటూ నేర్చుకుంటున్నాను. కోడలిని కూర్చోబెట్టి, ఒడియా పెట్టి, ఏ మీట మీద ఏ అక్షరమో అచ్చుకొట్టిన పట్టిక పక్కన పెట్టాను. అమ్మాయి మెల్లగా, కీలకేసి చూస్తూ కొడుతోంది. ఏదో చూపించబోయి భాష మార్చే మీట నేనే నొక్కేశాను. అమ్మాయి తలవంచుకుని కొడుతూనే ఉంది. ఒక పదం అయ్యాక తలెత్తింది.

"ఇదేటి సిన్నత్తా? నాను ఒడియా కొడితే తెలుగొచ్చీసింది!"

అప్పుడు వెలిగింది నాకు. ఒడియా క ఏ మీట మీద ఉందో తెలుగు క కూడా అదే మీట మీద ఉంది. మ అక్కడే, ల అక్కడే. చెయ్యి ఒకటే, అక్షరం మారుతుందంతే. ఇన్నేళ్ళూ రెండు భాషలూ వేరువేరు కీబోర్డు పద్ధతుల్లో కొట్టినదాన్ని. ఇది నాకెవరూ చెప్పలేదు.

అమ్మాయి తెరకి దగ్గరగా జరిగి చూస్తోంది. "నాను 'మామ' అని కొట్టినాను. అంటే ఇది మ, ఇది మ. ఇది దీర్గం." వేలితో తెర మీద చూపించింది. "మరి 'అమ్మ' కొడితే?" కొట్టింది. మ కింద వత్తు వచ్చింది. "ఓసి! కింద బుజ్జిది దూరినాది." ఆ సాయంత్రం బస్సు టైము అయిపోతున్నా లేవలేదు. తెలిసిన మాటలన్నీ ఒడియాలో కొట్టడం, మీట నొక్కడం, మళ్ళీ కొట్టి తెలుగులో ఎలా ఉందో చూడడం. పడవ, వల, తెడ్డు, ఉప్పు, గాలి. అప్ప పక్కన కూర్చుని, "దానికి మొగుడి పేరు కొట్టమని సెప్పు," అని నా చెవిలో అంది. నేను చెప్పేలోపే అమ్మాయి కొట్టేసి, చూసి, చెరిపేసింది.

అమ్మాయి ఇంకో మూడు సాయంత్రాలు వచ్చి కొట్టుకుంది. ఇక నా వెతుకులాట ఆగిపోయింది. ఇంతకన్నా తేలికవి, ఇంతకన్నా కొత్తవి ఉండొచ్చు. నాకు కావలసింది దొరికింది.

ఒక ఆదివారం ఆటో మాట్లాడుకుని, మానిటర్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పొడంపేట కాలనీకి వెళ్ళాను. మహిళా సంఘం గదిలో బల్ల వేసి కంప్యూటరు, ప్రింటరు పెట్టాం. కిటికీలోంచి ఉప్పుగాలి, ఎండుచేపల వాసన. పెద్దవాళ్ళంతా చాపల మీద కూర్చున్నారు. వాళ్ళు చెప్పడం, నేను తెలుగులో కొట్టడం, తరవాత కోడలు అదే వరస ఒడియాలో కొట్టడం. వీధికి ఒక పట్టిక. కుడి వరస ఇళ్ళు, ఎడమ వరస ఇళ్ళు, ఒకటి, రెండు, మూడు. ఆ రోజు కరెంటు మూడుసార్లు పోయింది. మూడుసార్లూ అందరూ "అయ్యో" అన్నారు. మూడుసార్లూ తిరిగి తెరిస్తే ఒకటి రెండు పేర్లు తప్ప ఏమీ పోలేదు. నాకు గొప్పగానే అనిపించింది.

సాయంత్రానికి మొదటి రెండు వీధులు అచ్చుతీసి పంచాను. చూపు తగ్గిన ఒక ముసలి తాత, వాళ్ళలో అందరికన్నా పెద్దాయన, కోడలిని చదవమన్నాడు. అమ్మాయి ఒడియా కాగితం తీసి గట్టిగా చదివింది. తాత మూడు ఇళ్ళు విని చెయ్యెత్తాడు.

"ఆగు. ఈ అమ్మ ఊరిని తిరగేసి రాసినాది."

గదంతా గోల. నేను కాగితం లాక్కుని చూశాను. ఏం తప్పు? మొదటి ఇల్లు, రెండో ఇల్లు, కుడి, ఎడమ. వాళ్ళు చెప్పినట్టే కదా?

"మొదటిల్లు ఏది తాతా?" అన్నాను.

"సంద్రం ఒడ్డుది."

నేను రోడ్డు వైపు నుంచి ఊళ్ళోకి నడుచుకొస్తున్నట్టు పట్టిక గీశాను. మొదటి ఇల్లు అంటే రోడ్డు పక్కది, కుడి అంటే సముద్రం కేసి మొహం పెట్టి నిలబడితే కుడి. వాళ్ళకి మొదటి ఇల్లు అలల దగ్గరది. కొందరు నా ప్రశ్నని బట్టి రోడ్డు వైపు నుంచీ, కొందరు అలవాటు కొద్దీ సముద్రం వైపు నుంచీ చెప్పారు. నేను అన్నిటినీ ఒకే వరసలో పేర్చేశాను.

"ఊరికి ఎవలైనా రోడ్డు మీంచి ఒస్తారేటమ్మా?" అన్నాడు తాత, నెమ్మదిగానే. "సంద్రం మీంచి ఒస్తాం. దూరం నుంచి సూస్తే ముందు కనిపించీదే మొదటిల్లు."

నాకు మొహం వేడెక్కింది. తప్పులు దిద్దడమే నా వృత్తి. ఊరినే తలకిందులు చేశాను. అప్ప నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఇంతలో కోడలు కీబోర్డు తన వైపు తిప్పుకుంది. ఒక్కో ఇల్లూ పెద్దగా చదువుతూ, "ఇది సంద్రం నుంచి సెప్పిందా, రోడ్డు నుంచి సెప్పిందా?" అని అడుగుతూ, వరసలు కిందకీ పైకీ జరిపింది, కుడి ఎడమలు మార్చింది. వరసలు జరపడం నేను నేర్పలేదు. మా ఇంటి దగ్గర ఆ నాలుగు సాయంత్రాల్లో తనే నొక్కి నొక్కి తెలుసుకుందట. దీపాలు పెట్టే వేళకి ఊరు సముద్రం వైపు తిరిగింది. తాతకి మళ్ళీ చదివి వినిపించారు. ఈసారి చివరిదాకా విన్నాడు.

ఆ తరవాత ఐదు ఆదివారాలు వెళ్ళాను. మూడో వీధిలో ఒక చోట పని ఆగిపోయింది. ఇటు ఇంటివాళ్ళు "మా పక్కది ఆలది కాదు" అంటారు, అటు ఇంటివాళ్ళూ అదే మాట. మధ్యలో ఒక ఇల్లుంది, ఎవరిదో ఎవరికీ తెలియదు. ఖాళీ స్థలమేమో అన్నారు ఎవరో. కోడలు ఆ గడి ఖాళీగా వదిలేసి కిందకి వెళ్ళబోయింది.

"ఉండు," అంది అప్ప. "కాళీ కాదు. అక్కడొక ఆడమనిషి ఉండీది. వలలకి సీసం గుళ్ళు కట్టీది. పిల్లల్లేరు. మా అమ్మ నన్ను ఆవిడ కాడికి అంపేది."

"పేరేటి?" అన్నాను.

అప్ప ఆలోచించింది. మిగతావాళ్ళు కూడా ఆలోచించారు. ఒకరిద్దరికి ఆవిడ చేతులు గుర్తొచ్చాయి, గాజులు లేకుండా నల్లగా, సీసం మరకలతో. ఒకాయనకి ఆవిడ తనకి పెట్టిన బెల్లం ముక్క గుర్తొచ్చింది. పేరు మాత్రం ఎవరికీ రాలేదు. అందరూ "పెద్దమ్మా" అనే పిలిచేవారట. వీధిలో ఎవరి పిల్లలైనా సరే, పెద్దమ్మే.

"అలగే కొట్టు," అంది అప్ప కోడలితో. "పెద్దమ్మ ఇల్లు అని."

అమ్మాయి ఒడియాలో కొట్టింది. తరవాత నేను కొట్టాల్సిన తెలుగు గడిలోకి తనే వెళ్ళి, మీట నొక్కి, కీలకేసి చూడకుండా కొట్టింది. ద కింద ద వత్తు, మ కింద మ వత్తు. సరిచూశాను. దిద్దాల్సింది ఏమీ లేదు. అప్ప కొంగుతో కళ్ళు తుడుచుకుని, "తరవాతిల్లు సెప్పండి, పొద్దుపోతన్నాది," అని కసిరింది.

అన్ని వీధులూ అయ్యాక రెండు భాషల్లో అచ్చుతీసి, ప్లాస్టిక్ తొడుగు వేయించి సంఘం గదిలో గోడకి తగిలించాం. ఇంటింటికీ ఒక కాగితం ఇచ్చాం. దెబ్బలాడుకున్న అన్నదమ్ములు ఇద్దరూ వచ్చి చూసుకున్నారు. వాళ్ళ తాత ఇల్లు రెండో వీధీ కాదు, మూడో వీధీ కాదు, రెండు వీధులూ కలిసే మూల మీద ఉండేది. ఇద్దరూ నెగ్గామనే చెప్పుకున్నారు. మా ఆయన కూడా ఒక ఆదివారం వచ్చి, గోడ ముందు నిలబడి మొత్తం చదివి, "కొత్తది కొంటే ఇంతకన్నా ఏటి సేసీదానివి?" అన్నారు. ఆయన ఓటమి ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

కంప్యూటరు అక్కడే ఉంది. తుప్పు పట్టకుండా కోడలు రోజూ పొడిగుడ్డతో తుడుస్తుంది, రాత్రి పాలిథిన్ కప్పుతుంది. ఇప్పుడు దాని మీద పెన్షన్ అర్జీలు కొడుతోంది, ఒడియాలో. సంఘం సమావేశాల మాటలు తెలుగులో కొట్టి, చదవగలిగినవాళ్ళ కోసం గోడకి అంటిస్తోంది. ఆమె పుట్టింటివాళ్ళు చమఖండి నుంచి ఒక పాత లాప్‌టాప్ పట్టుకొచ్చి, మాకూ ఈ ఎలుకదే వేసిపెట్టమన్నారు. పెన్‌డ్రైవ్ నేను ఇచ్చాను. వేసింది మాత్రం ఆ అమ్మాయే, నన్ను పిలవలేదు.

మొన్న పొద్దున్నే ఫోన్ చేసింది.

"సిన్నత్తా, ఫోనులోంచి నెట్టు ఇస్తే కంప్యూటరు, 'కొత్త అప్‌డేట్లు ఒచ్చినాయి, ఎక్కించుకోమంటావా' అని అడిగింది."

"ఏవి ఎక్కించాలో జాబితా చూపిస్తుంది చూడు. ముందది చదువు. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి, అప్పుడు..."

"అన్నీ సదివినాను. కాపీ తీసినాను. ఎక్కించీసినాను కూడా."

"మరి ఫోనెందుకు చేశావే?"

"అయిపోనాదని సెప్పడానికి," అని నవ్వి పెట్టేసింది.